గుంటూరు నుంచి ఒక్క రోజులో సముద్రం దాకా: హైవే వద్దు, పొలాల దారి చెప్పండి

బ్రాడీపేట బాబాయ్:

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా బావమరిది వాళ్లు హైదరాబాద్ నుంచి దిగుతున్నారు, ఇద్దరు పిల్లలు, మా ఇంట్లో ఇద్దరు, పైన మా అమ్మా నాన్నా, మొత్తానికి రెండు కార్లు. పిల్లలకి సముద్రం కావాలి. మా నాన్నకి పొలాలు చూడాలని ఉంది, ఉద్యోగం వల్ల ఊరు వదిలేసి ఎప్పుడో వచ్చేశాడు, ఇప్పుడు కోతల టైమ్ కదా ఒకసారి తిప్పుకు రారా అంటున్నాడు. మ్యాప్ పెడితే చిలకలూరిపేట హైవే మీద తీసుకెళ్లి చీరాల వైపు తిప్పుతోంది, ఆ దారిలో లారీలూ డివైడర్లూ తప్ప ఏముంటాయి చూడ్డానికి? సూర్యలంకా, వాడరేవా అని ఇంట్లో ఇంకా తేలలేదు. పొద్దున్నే వెళ్లి చీకటి పడేలోపు ఇంటికొచ్చేయాలి. గుళ్ల లిస్టు వద్దు, ఒకటీ అరా అయితే సరే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు, ఎక్కువ నడవలేదు. దారిలో ఆడవాళ్లకి బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి, ఈ సంగతి ఎవరూ రాయరు, అక్కడికి వెళ్లాక టెన్షన్ మాది.

పొన్నూరు కోడలు:

బాబాయ్ గారూ, మీరు అడిగింది మా ఊరి దారే. గుంటూరు నుంచి నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు, అప్పికట్ల, బాపట్ల. బాపట్ల దాకా దగ్గర దగ్గర 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి సూర్యలంక ఇంకో 9. సింగిల్ రోడ్డే, ఊళ్ల మధ్య నుంచి పోతుంది, స్పీడు రాదు, రాకపోవడమే మంచిది.

నారాకోడూరు దాటాక డెల్టా మొదలైనట్టే. ప్రకాశం బ్యారేజీ నీళ్లు సంగం జాగర్లమూడి మీదుగా కొమ్మమూరు కాలవలో కిందికి వస్తాయి, ఆ కాలవ అలాగే పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది. మీ నాన్నగారిని అడగండి, ఒకప్పుడు మద్రాసుకి పడవల మీద సరుకు పోయింది ఈ నీళ్లలోనే. ఇప్పుడు గుర్రపుడెక్క తప్ప ఏమీ తేలదు అందులో, అది వేరే బాధ.

పొలాల సంగతికొస్తే, ఇప్పుడు మీకు ఒకే రోడ్డు మీద మూడు రకాలు కనిపిస్తాయి. కొన్ని చోట్ల వరి ఇంకా నిలబడే ఉంటుంది, కొన్ని చోట్ల పనలు పరిచి ఉంటాయి, కొన్ని చోట్ల అప్పుడే కుప్పలు వేసేసి ఉంటారు. కారు ఆపి ఒక్కసారి కోయని వరిలోకి వంగి చూడమనండి పిల్లల్ని, మొదళ్ల దగ్గర చిన్న చిన్న మొలకలు కనిపిస్తే అది కలుపు కాదు, మినుము. కోతకి మూడు నాలుగు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే, నిలబడి ఉన్న వరిలోనే మినుము చల్లేస్తారు, దున్నేదీ లేదు, నీళ్లు పెట్టేదీ లేదు, ఆ తేమా మంచూ తాగే పండుతుంది. కాకపోతే ఇప్పుడు అందరూ చైను చక్రాల కోత మిషన్‌తో కోయిస్తున్నారు, ఆ చైను తొక్కితే మొలక పోతుంది, అందుకని చాలామంది మినుము మానేసి వరి మోళ్లలోనే రంధ్రం చేసి మొక్కజొన్న విత్తనం పెడుతున్నారు. మా మామయ్య మాత్రం ఇంకా కూలీలని పెట్టి కోయిస్తారు, మినప్పప్పు కొనుక్కు తినడం ఏంటి అని.

గుడి ఒకటీ అరా అన్నారు కాబట్టి చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి చూడండి. కోనేరు మధ్యలో ఉంటుంది, లింగానికి నాలుగు వైపులా బ్రహ్మ. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించింది. పొన్నూరులో సాక్షి భావనారాయణ స్వామి, పక్కనే పెద్ద ఆంజనేయస్వామి, గరుత్మంతుడు. ఆ విగ్రహాలు పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. బాత్రూమ్ గురించి నిజమే చెబుతున్నా, పొన్నూరులోనో బాపట్లలోనో కొంచెం పెద్ద హోటల్లో టిఫిన్ చేయండి, ఆ పని అక్కడే అయిపోతుంది. పెట్రోల్ బంకుల్లో ఉంటాయి కానీ తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడానికే పది నిమిషాలు.

కొత్తపేట శీను:

పొన్నూరు స్టేషన్ కోసం రైలు యాప్‌లో వెతికి దొరక్క తిట్టుకునేవాళ్లకి: స్టేషన్ పేరు నిడుబ్రోలు. రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి ఊరు. రైలైతే బెజవాడ వాళ్లకి పొద్దున్నే పినాకిని ఉంది, తెనాలి మీదుగా బాపట్ల, చీరాలలో ఆగుతుంది, మన గుంటూరు వాళ్లం తెనాలి వెళ్లి ఎక్కాలి. రెండు కార్ల డీజిల్ లెక్కేసుకుంటే రైలూ ఆటో చవక. కానీ మోకాళ్ల నొప్పుల అమ్మగారిని మన తెనాలి ప్లాట్‌ఫాం బ్రిడ్జి ఎక్కించాలంటే మీ ఇష్టం.

సూర్యలంక తమ్ముడు:

బాబాయ్, మాది బాపట్ల. బీచ్ గురించి నేను చెబుతా, జాగ్రత్తలు ముందు చెబుతా, తిట్టుకోకండి.

సూర్యలంకలో ఇసక బాగుంటుంది, కారు చాలా దగ్గరికి పోతుంది కాబట్టి అమ్మగారు ఎక్కువ నడవక్కర్లేదు, టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ కూడా అక్కడే ఉంది. అందువల్ల వాడరేవు కంటే ముసలివాళ్లకి ఇదే నయం. వాడరేవు అందం వేరు, అక్కడ పడవలు ఒడ్డుకి లాగి ఉంటాయి, పొద్దున్నే వెళితే చేపల పాట జరుగుతుంటుంది, వాసన పట్టని వాళ్లకి బాగానే ఉంటుంది.

ఇక నీళ్లు. ప్రతి ఏడాదీ మా దగ్గర కుర్రాళ్లు మునిగి పోతున్నారు, అప్పుడప్పుడూ పోలీసులు బీచ్ మూసేస్తారు కూడా, కాబట్టి బయల్దేరే ముందు రోజు తెరిచే ఉందా అని ఎవరినైనా కనుక్కోండి. బయటి ఊళ్ల వాళ్లు చేసే పని ఏంటంటే, అలలు పెద్దగా విరుగుతున్న చోటు చూసి భయపడి, పక్కన అలలు లేకుండా నీళ్లు నున్నగా కనిపించే చోట దిగుతారు. అక్కడే ప్రమాదం. ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి అదే, కింద ఇసక కోసుకుపోయి గుంట పడి ఉంటుంది, అందుకే అక్కడ అల విరగదు. ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఎదురు ఈదకూడదు, అలిసిపోతారు, పక్కకి, అంటే ఒడ్డు వెంబడి ఈది ఆ లాగుడు లోంచి బయటపడాలి. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వొద్దు, ఒకరు చెయ్యి పట్టుకుని నిలబడాల్సిందే, ఫోన్ చూసుకుంటూ కాపలా కాయడం కాపలా కాదు. మందు తాగి దిగే బ్యాచ్ పక్కన అసలు ఉండొద్దు. ఎనిమిదింటికల్లా వెళ్లి పదకొండుకి బయటికి వచ్చేయండి, ఆ తర్వాత ఎండా జనం రెండూ ఎక్కువే. కార్తీక మాసం అయిపోయింది కాబట్టి బతికిపోయారు, పౌర్ణమికి అయితే బాపట్ల నుంచి బీచ్ దాకా కార్లు పాకుతూ ఉంటాయి.

బయల్దేరే ముందు వాతావరణం కూడా చూసుకోండి. డిసెంబరంటే మాకు భయమే, 2023లో మిగ్‌జాం తుఫాను డిసెంబర్ 5న మా బాపట్ల దగ్గరే తీరం దాటింది, కోయాల్సిన వరి అంతా నీళ్లలో పడుకుంది.

మీ నాన్నగారికి మాత్రం ఒకటి చూపించండి, బీచ్ కంటే నాకు అదే ఇష్టం. బాపట్ల నుంచి సముద్రం వైపు వెళ్లే కొద్దీ నల్లమట్టి పోయి ఇసక నేల వస్తుంది, సర్వి తోటలు, జీడిమామిడి, మధ్యలో వేరుశనగ, ఆకుకూరల మళ్లు. ఆ మళ్ల పక్కన గుంటలు కనిపిస్తాయి, వాటిని దొరువులు అంటారు. ఇసకలో నాలుగైదు అడుగులు తవ్వితే తియ్యటి నీళ్లు. పక్కనే సముద్రం ఉప్పగా ఉంటే ఇక్కడ తియ్యటి నీళ్లేంటి అని అడుగుతారు అందరూ. వాన నీళ్లు ఇసకలోకి ఇంకి, బరువైన ఉప్పు నీటి మీద పలచగా పొరలా నిలబడతాయి, పైపైన తోడుకుంటే తియ్యగానే వస్తాయి, ఆశపడి లోతుగా బోరు దింపి లాగేస్తే కింద ఉప్పు పైకి వచ్చేసి నేల పాడవుతుంది. పాత రోజుల్లో దొరువులోకి మోకాలి లోతు దిగి, రెండు చేతుల్లో రెండు కుండలు ముంచుకుని, మడి మీద వానలా పోసుకుంటూ పోయేవాళ్లు, ఇప్పటికీ కొందరు చిల్లుల మూతి ఉన్న డబ్బాలతో అలాగే పోస్తారు. చాలామంది చిన్న మోటార్లు పెట్టేశారనుకోండి. మడిలోకి దిగే ముందు అక్కడ ఎవరుంటే వాళ్లని అడగండి, తోటకూర కట్ట కొంటే ఇంకా సంతోషిస్తారు.

ఇంకొకటి. మీ ఇంట్లో తినేది బీపీటీ బియ్యమే అయితే, అందులో బీపీటీ అంటే బాపట్లే. సాంబ మసూరి, బీపీటీ 5204, మా ఊరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైంది. వ్యవసాయ కాలేజీ 1945 నుంచి ఉంది. హైదరాబాద్ పిల్లలకి కాలేజీ గేటు ముందు నుంచి పోతూ చెప్పండి, రోజూ కంచంలో చూసేది ఇక్కడిదని.

పర్చూరు మెట్టరైతు:

అందరూ వెళ్లే దారే చెబుతున్నారు, వచ్చే దారి ఎవరూ చెప్పలేదు. వెళ్లిన దారినే తిరిగి రావొద్దు. మీ నాన్న పొలాలు చూడాలన్నారు కదా, ఆయనకి సగం రోజు మాగాణి, సగం రోజు మెట్ట చూపించండి, అప్పుడే మన ప్రాంతం చూసినట్టు.

బాపట్ల నుంచి చీరాల దగ్గరే, అక్కడ భోజనం చేసి, చీరాల నుంచి పర్చూరు, పెదనందిపాడు, ప్రత్తిపాడు మీదుగా గుంటూరు రండి. చీరాల దాటి పడమరకి తిరిగిన కొంతసేపటికి ఇసక పోయి నల్లరేగడి వస్తుంది, కాలవలూ కొబ్బరి చెట్లూ ఆగిపోతాయి, చూపు ఆనినంత మేర చదునుగా భూమి. పత్తి, మిరప, శనగ, పొగాకు. పత్తి తీతలు జరుగుతుంటాయి, మిరప అప్పుడప్పుడే ఎరుపు తిరుగుతుంటుంది, పొగాకు ఇంకా మోకాలెత్తు కూడా ఉండదు. మా వైపు బర్లీ రకం పొగాకు ఎక్కువ, దాన్ని బ్యారన్‌లో కాల్చరు, పందిళ్లు వేసి ఆరబెడతారు, ఆకు కోతలు సంక్రాంతి దాటాకే కాబట్టి ఆ ముచ్చట మీకు దొరకదు. శనగ చేను మాత్రం తప్పక ఆపి చూడండి. పొద్దున పూట ఆకు మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది, ఆకే పులుపు ఊరుస్తుంది, మధ్యాహ్నం కొంచెం తగ్గుతుంది అయినా తెలుస్తుంది. చేలో తడి అంటూ ఏమీ ఉండదు, తుఫాను వానలకి నేల తాగి దాచుకున్న పదును మీదే పైరు అంతా. సాగర్ కుడి కాలవ ఉంది కదా అంటారు, మాది చివరాఖరి భూమి, కాలవ కాయితం మీద వస్తుంది.

డెల్టా వాళ్లకి కోపం వస్తే రానీ, వరి చేలు ఫోటోకి బాగుంటాయి గానీ రైతు తెలివి చూడాలంటే మెట్టకే రావాలి.

పెదనందిపాడులో ఒక్క నిమిషం ఆగి పిల్లలకి చెప్పండి, 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో పన్ను కట్టం అని ఇంగ్లీషోడికి ఎదురు తిరిగిన ఊరు ఇది. చీరాలదీ అదే కాలం కథ, మున్సిపాలిటీ పన్నులు మోయలేం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఊరే ఖాళీ చేసి బయట రామ్‌నగర్ కట్టుకుని ఉన్నారు. ఇంత కథ ఉన్న దారిలో పోతూ ఫోన్‌లో రీల్స్ చూసుకునేవాళ్లని ఏమనాలి.

పొన్నూరు కోడలు:

మెట్టరైతు గారూ, తెలివి మీది, అన్నం మాది, సరేనా. వచ్చే దారి మాత్రం మీరు చెప్పింది బాగుంది, ఒప్పుకుంటా.

దివిసీమ దాసు:

మీరంతా బాపట్ల దగ్గరే తిరుగుతున్నారు. బెజవాడ వైపు వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి వెళ్లండి. ఉయ్యూరు చుట్టూ చెరుకు, కింద వరి, ఇంకా కిందికి పోతే రొయ్యల చెరువులు, చివర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. జనం ఉండరు, టీ కొట్టు కూడా సరిగ్గా ఉండదు, అదే దాని అందం. గుంటూరు నుంచి కూడా తెనాలి, రేపల్లె వచ్చి పెనుమూడి-పులిగడ్డ వారధి దాటితే అవనిగడ్డ. పొద్దుగూకాక అటవీ శాఖ వాళ్లు లోపల ఉండనివ్వరు, గుర్తుపెట్టుకోండి.

కొత్తపేట శీను:

దాసు అన్నా, ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరు పిల్లలు, చీకటి పడేలోపు ఇంటికి. టీ కొట్టు లేకపోవడం అందం అని మన కుర్రాళ్లకి చెప్పు, వాళ్ల అమ్మగారికి కాదు.

బాబాయ్, రోడ్డు మీద ధాన్యం సంగతి ఎవరూ చెప్పలేదు, అది ముఖ్యం. ఈ సీజన్‌లో రైతులు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు, సగం రోడ్డు వాళ్లది, సగం మనది. సాయంత్రం కుప్ప చేసి బరకం కప్పి, జనం ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. పగలు పర్వాలేదు, చీకట్లో ఆ నల్ల బరకం, ఆ రాళ్లు అసలు కనపడవు, ఎదురు బండి లైటు కళ్లలో కొట్టిందంటే అయిపోయినట్టే. వడ్ల మీద బ్రేక్ వేస్తే బండి జారుతుంది కూడా. మెట్ట దారిలో వరి తక్కువ కాబట్టి ఆ లెక్కన కూడా సాయంత్రం అటు రావడమే మంచిది. హారన్ కొట్టి తిట్టొద్దు, కళ్లం లేనివాడు ఎక్కడ ఆరబోస్తాడు చెప్పండి.

బీచ్ దగ్గర చేపలు తినాలంటే ముందే రేటు అడగండి. ఒక చోట మాకు ప్లేటు ధర ఒకటి చెప్పి, తిన్నాక ముక్కల లెక్కన బిల్లు వేశారు, గొడవ పడే ఓపిక లేక కట్టేసి వచ్చాం.

బ్రాడీపేట బాబాయ్:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. మీరు రాసిందంతా మా నాన్నకి చదివి వినిపించా. దొరువుల దగ్గర ఆపి, చిన్నప్పుడు వేటపాలెం దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో తానూ నీళ్లు పోశానని మొదలుపెట్టాడు, ఇక ఆపలేదు. కాబట్టి సూర్యలంక ఖాయం, తిరుగు ప్రయాణం పర్చూరు మీదుగా ఖాయం. దివిసీమ సంక్రాంతికి చూస్తాం దాసు గారూ.

ఇప్పుడు కొత్త చిక్కు. వేటపాలెం పేరు ఎత్తాడు కాబట్టి అక్కడి లైబ్రరీ చూడాలట, ఆడవాళ్లు చీరాలలో చీరలు అంటున్నారు. మధ్యాహ్నం రెండూ కుదురుతాయా? పొన్నూరులో టిఫిన్ ఎన్నింటి నుంచి దొరుకుతుంది?

సూర్యలంక తమ్ముడు:

కుదురుతాయి, అందరూ కలిసి వెళ్లకుండా ఉంటే. రెండు కార్లు ఉన్నాయి కదా. చీరాలలో భోజనం అయ్యాక ఒక కారు ఎం.జి.సి. బట్టల మార్కెట్ దగ్గర ఆడవాళ్లని దింపుతుంది, కుప్పడం చీరలు అడగమనండి, రెండో కారులో నాన్నగారూ పిల్లలూ వేటపాలెం, పది కిలోమీటర్లు కూడా లేదు. సారస్వత నికేతనం 1918లో మొదలైంది, ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు, పాత పత్రికల సంచికలు ఎన్నో దాచారు. పెద్దాయనకి తాను పుట్టిన ఏడాది పేపర్ చూడాలనిపిస్తే నెమ్మదిగా, మర్యాదగా అడగండి, కాయితం పొడిపొడి అయిపోయి ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఆదివారం కాబట్టి లైబ్రరీ, చీరల కొట్లు తెరుస్తారో లేదో శనివారమే కనుక్కోండి. వచ్చేటప్పుడు వేటపాలెంలో జీడిపప్పు తీసుకోండి, పలుకు రకం చవక, పాయసానికి చాలు, గుండుపప్పు కావాలంటే జేబు చూసుకోండి. మూడున్నరకి చీరాల వదిలితే వెలుగుండగానే పెదనందిపాడు దాటుతారు.

పొన్నూరు కోడలు:

ఆరింటికల్లా ఇడ్లీ దొరుకుతుంది, దోశ కావాలంటే ఆరున్నర. పిల్లలకి ఓ జత బట్టలు ఎక్కువే పెట్టుకోండి, కారు సీట్ల మీద వేయడానికి పాత దుప్పట్లు కూడా. అమ్మగారికి మడత కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకోండి బాబాయ్ గారూ, ఇసకలో కింద కూర్చుంటే లేవడం కష్టం.